సెల్ఫ్ తిరగడం లేదా, బండి అందుకోవడం లేదా?

సందేహం: మాది రాయగడ. స్టెప్నీ, డిక్కీ, డైనమో అంటే మా పిల్లలు అవి తప్పుడు ఇంగ్లీషు మాటలంటున్నారు. వీటికి అచ్చతెలుగు మాటలు వాడాలా? బండి మొరాయిస్తే ఒడియా మెకానిక్కుకి ఏమని చెప్పాలి?

సమాధానం: మొదటి రెండూ తప్పుడు మాటలు కావు, పాత మాటలు. తొలినాటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. వేల్సులోని లనెల్లి అనే ఊళ్ళో 1904లో డేవిస్ సోదరులు ఆకులు (స్పోకులు) లేని ఉత్త రిమ్ముకి గాలి నింపిన టైరు తొడిగి, పంచరైన చక్రానికి ఆనించి బిగించే ఏర్పాటు తెచ్చారు. అక్కడి స్టెప్నీ వీధి పేరే దానికి పెట్టారు. ఇంగ్లండులో ఆ మాట మరుగున పడింది, మన దగ్గర నిలిచింది. డిక్కీ అంటే పాత కార్ల వెనక మూత తెరిస్తే బయటపడే సీటు. సీటు పోయి సామాన్ల చోటు మిగిలింది, పేరూ దానికే మిగిలింది. రెండిటినీ నిస్సంకోచంగా వాడండి.

డైనమో సంగతి వేరు. అక్కడ వస్తువే మారిపోయింది. ఇప్పటి కార్లలో ఉండేది ఆల్టర్నేటర్. అది ఏసీ కరెంటు పుట్టించి, డయోడ్లతో డీసీగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ ఇంజను ఆపినప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, ఇంజను నడుస్తుంటే సుమారుగా 13.8 నుంచి 14.4 దాకా చూపాలి. నడుస్తున్నా 12 దగ్గరే ఆగితే ఛార్జింగు లేనట్టే. మాటల్లో డైనమో అన్నా ఫరవాలేదు, కొత్తది కొనేటప్పుడు మాత్రం బిల్లులో ఆల్టర్నేటర్ అనే రాయించండి.

ఇక అచ్చతెలుగు. ఎడ్లబండి మనకిచ్చిన ఇరుసు, కందెన కారుకీ చక్కగా సరిపోతాయి. 'కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం' అన్న సామెత గ్రీజు ఎండిన వీల్ బేరింగుకి అచ్చంగా వర్తిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ హోరు పెరుగుతుంది. కాని క్లచ్చుకీ గేరుకీ కొత్త మాటలు పుట్టించనక్కర్లేదు. పేరు ఎక్కడిదైనా దాని పక్కన చేరే క్రియ మనదే. బండి జబ్బు చెప్పేది ఆ క్రియే.

'సెల్ఫ్ తిరగడం లేదు' అంటే బ్యాటరీ దిగిపోయిందో, టెర్మినల్ వదులైందో, స్టార్టర్ మోటారు పోయిందో చూడాలి. 'సెల్ఫ్ తిరుగుతోంది గాని బండి అందుకోవడం లేదు' అంటే పెట్రోలు అందకపోవడమో, ప్లగ్గులో నిప్పు రాకపోవడమో కారణం కావచ్చు. ఒకదానికి బదులు ఇంకొకటి చెబితే మెకానిక్కు తప్పు చోట వెతుకుతాడు. 'బ్రేకు పడటం లేదు' అంటే బండి ఆగడం లేదని. 'బ్రేకు పట్టేస్తోంది' అంటే కాలు తీసినా వదలడం లేదని. బ్రేకు ప్యాడ్లను డిస్కుకి నొక్కే క్యాలిపర్ పిస్టన్ ఇరుక్కుంటే ఇలా జరిగి ఆ చక్రం బాగా వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. పడు, పట్టు అనే క్రియల మధ్య ఒక్క అక్షరమే తేడా, జబ్బులు మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం.

'గేరు పడటం లేదు' అంటే ముందు అనుమానించాల్సింది క్లచ్చు పూర్తిగా విడవకపోవడాన్ని. 'క్లచ్చు జారుతోంది' అంటే ప్లేటు అరిగిందని. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కేటప్పుడు ఇది బయటపడుతుంది: ఇంజను గోల పెరుగుతుంది, వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. స్టీరింగు ఒక పక్కకి లాగుతుంటే ముందు టైర్ల గాలి సమానంగా ఉందో లేదో చూసి, తర్వాత అలైన్‌మెంటు (చక్రాల కోణాలు సరిచెయ్యడం) చేయించండి. గంటకు 80 కిలోమీటర్ల వేగం దగ్గర వణుకుతుంటే చేయించాల్సింది బ్యాలెన్సింగు (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా చెయ్యడం).

ఒడియా మెకానిక్కు దగ్గర పేర్ల ఇబ్బంది రాదు. క్లచ్చు, గేరు, బ్రేకు అక్కడా అవే. మన క్రియలను మాటకు మాట ఒడియాలోకి మార్చబోకండి. ఎప్పుడు, ఏ చక్రం దగ్గర, ఎలాంటి చప్పుడు అన్నవి చెప్పండి, చేత్తో చూపించండి.

మీరు అడగకపోయినా ఒక మాట గురించి హెచ్చరించాలి. అది 'ఆయిలు'. మన డ్రైవర్లు 'ఆయిలు కొట్టించాలి' అంటే డీజిలో పెట్రోలో అని. ఒడియాలో 'తేల' కూడా అటు నూనెకీ ఇటు పెట్రోలుకీ నడుస్తుంది. అందుకే 'ఆయిలు లైటు వెలిగింది' అని ఫోనులో చెబితే అవతలివారు 'బంకు దాకా పోనీ' అనేస్తారు. పెట్రోలు పంపు బొమ్మతో పసుప్పచ్చగా వెలిగితే ఆ సలహా సరే. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే మాత్రం ఇంజనాయిలు ఒత్తిడి లేదని అర్థం. ఆ స్థితిలో కాస్త దూరం నడిపినా బేరింగులు అరిగి ఇంజను పట్టేస్తుంది. వెంటనే పక్కకి తీసి ఇంజను ఆపండి. చదునైన చోట పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ (ఇంజనాయిలు మట్టం చూసే కడ్డీ) తుడిచి మళ్ళీ ముంచి చూడండి, మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకన్నా తక్కువుంటే ఇంజనాయిలు పోయాలి. మట్టం సరిగానే ఉన్నా లైటు ఆరకపోతే మళ్ళీ స్టార్టు చెయ్యకుండా బండిని లాగించుకు వెళ్ళాలి. ఇంట్లో అందరికీ 'ఇంజనాయిలు' అని విడిగా పలకడం అలవాటు చెయ్యండి.