టీవీలో బొమ్మ అంచులు తెగిపోతుంటే

ప్రశ్న: మా 32 అంగుళాల టీవీకి రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి, అందులో లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, కోడీ అనే వీడియో ప్లేయర్‌లో సినిమాలు చూస్తున్నాము. తెర పైన కుడి మూలన ఉండవలసిన గడియారం సగమే కనిపిస్తుంది. ఎడమవైపు మెనూలో మొదటి అక్షరాలు తెర దాటిపోతున్నాయి. సబ్‌టైటిళ్ల అడుగు వరుస కూడా తెగుతోంది. సెట్‌టాప్ బాక్సు పెడితే మాత్రం ఏ ఇబ్బందీ కనిపించదు. మెమరీ కార్డులోని కాన్ఫిగ్ ఫైలులో ‘డిజేబుల్ ఓవర్‌స్కాన్’ విలువను 1 చేసి చూశాను, ఫలితం లేదు. లోపం దేనిలో ఉంది?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రెండు పరికరాలూ బాగానే ఉన్నాయి. మీ టీవీ తనకు అందిన బొమ్మను కొంచెం పెద్దది చేసి, అంచులను తెర వెలుపలికి నెట్టివేస్తోంది. దీన్నే ఓవర్‌స్కాన్ అంటారు. సెట్‌టాప్ బాక్సు బొమ్మకు కూడా ఇదే జరుగుతూ ఉండవచ్చు. అయితే చానళ్లవారు అక్షరాలనూ లోగోలనూ అంచులకు దూరంగా ఉంచుతారు కనుక ఆ కోత మన కంటికి ఆనదు. కోడీ మెనూ కంప్యూటర్ తెర కోసం గీసినది కాబట్టి అంచు వరకూ వస్తుంది, అందుకే దొరికిపోతుంది.

ఇది పిక్చర్ ట్యూబుల కాలం నాటి అలవాటు. ఆ టీవీలలో వోల్టేజీ హెచ్చుతగ్గులను బట్టి, లోపలి భాగాలు పాతబడటాన్ని బట్టి బొమ్మ పరిమాణం కొద్దికొద్దిగా మారుతూ ఉండేది. అంచున నల్లని సందు కనబడకూడదని తయారీదారులు బొమ్మను ఫ్రేము కన్నా కాస్త పెద్దదిగానే వేసేవారు. దానికి తగ్గట్టు ప్రసారకర్తలు అక్షరాలను తెర నడిమి 80 శాతంలోను, ముఖ్యమైన కదలికలను 90 శాతంలోను ఉంచే పద్ధతి పాటించారు. ప్రతి పిక్సెల్‌కూ స్థిరమైన చోటు ఉన్న ఎల్‌సీడీ తెరకు ఈ కోత ఏమాత్రం అవసరం లేదు. అయినా చాలా టీవీలు హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చే బొమ్మను నేటికీ కత్తిరించే చూపిస్తాయి. ఫ్యాక్టరీ నుంచే దీన్ని ఆపి పంపితే ఈ ప్రశ్నే రాదని నా అభిప్రాయం.

కాన్ఫిగ్ ఫైలులో మీరు మార్చిన వరుస ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తేలికగా తెలుస్తుంది. రాస్ప్‌బెర్రీ పై తన బొమ్మ చుట్టూ తానే వదిలే నల్లని మార్జిన్‌ను తీసివేయడం వరకే ఆ వరుస పని. టీవీ లోపల జరిగే కోతను అది ఆపలేదు.

అందువల్ల ముందు చేతిలోకి తీసుకోవలసింది టీవీ రిమోట్. చిన్న కంప్యూటర్ ఉన్న హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌ను ఎంచుకుని, దాని బొమ్మ తెర మీద ఉండగానే పిక్చర్ సైజు లేదా యాస్పెక్ట్ రేషియో మెనూ తెరవండి. చాలా టీవీలు ఒక్కో ఇన్‌పుట్‌కు ఈ అమరికను విడివిడిగా గుర్తుంచుకుంటాయి కనుక సెట్‌టాప్ బాక్సు నడుస్తుండగా మార్చితే ప్రయోజనం ఉండకపోవచ్చు. ఎల్‌జీ టీవీలలో ‘జస్ట్ స్కాన్’, శాంసంగ్‌లో ‘స్క్రీన్ ఫిట్’ లేదా ‘ఫిట్ టు స్క్రీన్’, సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద ‘ఫుల్ పిక్సెల్’ అని ఉంటుంది. పానసోనిక్‌లో ‘16:9 ఓవర్‌స్కాన్’ను ఆపివేయాలి. ఇతర కంపెనీల టీవీలలో ‘ఫుల్’, ‘ఒరిజినల్’, ‘డాట్ బై డాట్’ వంటి మాటల కోసం చూడండి. ‘జూమ్’ అనేది కోతను పెంచేదే. ఇలాంటిదేదీ దొరకకపోతే, ఇన్‌పుట్ పేరును ‘పీసీ’గా మార్చండి, పాత శాంసంగ్ టీవీలు కొన్ని ఆ పేరు చూసి కోత మానేస్తాయి.

టీవీలో ఏ దారీ లేనప్పుడే కోడీ వైపు వెళ్లండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, దాని కింద వీడియో క్యాలిబ్రేషన్ ఉంటుంది. కనిపించకపోతే ఎడమవైపు అడుగున ఉన్న సెట్టింగుల స్థాయిని ‘ఎక్స్‌పర్ట్’ చేయండి. పై ఎడమ మూల గుర్తును, కింది కుడి మూల గుర్తును బాణం మీటలతో లోపలికి జరిపి, అవి తెర అంచుకు సరిగ్గా ఆనుకునేలా నిలపండి. తరువాత వచ్చే గీతతో సబ్‌టైటిళ్ల ఎత్తు సర్దుకోవచ్చు. ఈ కొలతలను కోడీ ఒక్కో రిజల్యూషన్‌కూ, రిఫ్రెష్ రేటుకూ (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) వేరువేరుగా దాచుకుంటుంది. సినిమాకు తగ్గట్టు రిఫ్రెష్ రేటు మారే అమరిక మీరు పెట్టుకుని ఉంటే, 60 హెర్ట్జ్‌లో సరిచేసిన బొమ్మ 24 హెర్ట్జ్ సినిమా మొదలవగానే మళ్లీ తెగుతుంది. అక్కడ కూడా ఇదే పని చేయాలి. స్కిన్ (కోడీ మెనూల రూపం) సెట్టింగుల్లోని జూమ్‌ను తగ్గిస్తే మెనూలు లోపలికి వస్తాయి గాని సినిమా మారదు.

దీన్ని చివరి మార్గంగా చెప్పడానికి కారణం ఉంది. టీవీ అడ్డంగా, నిలువుగా 5 శాతం చొప్పున కోస్తోందనుకోండి. 1920 x 1080 బొమ్మలో మిగిలేది 1824 x 1026. కోడీ బొమ్మను ఆ కొలతకు కుదిస్తుంది, టీవీ దాన్ని తిరిగి సాగదీస్తుంది. రెండుసార్లు కొలత మారడం వల్ల సన్నని గీతలు, చిన్న అక్షరాలు మసకబారతాయి. టీవీలోనే కోత ఆపితే ఈ నష్టం ఉండదు. మీ 32 అంగుళాల టీవీ ‘హెచ్‌డీ రెడీ’ రకమైతే దాని తెర సాధారణంగా 1366 x 768 పిక్సెళ్లదే కనుక, కోత పూర్తిగా ఆగినా అక్షరాల్లో కొంత మెత్తదనం మిగులుతుంది. అది వేరే సంగతి.

ప్రశ్న: రాస్పియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పాత వెర్షన్ ఉన్న మా రాస్ప్‌బెర్రీ పైని కంప్యూటర్ మానిటర్‌కు కలిపితే బొమ్మ చుట్టూ నల్లని పట్టీ వస్తోంది. ఎలా పోగొట్టాలి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పై పాఠకుడికి పనిచేయని వరుస మీకు పనిచేస్తుంది. టీవీ కోస్తుందన్న అంచనాతో మీ కంప్యూటర్ ముందుగానే మార్జిన్ వదులుతోంది, మానిటర్ ఏమీ కోయకపోవడంతో ఆ మార్జిన్ బయటపడింది. కాన్ఫిగ్ ఫైలులో ‘డిజేబుల్ ఓవర్‌స్కాన్’ వరుస ముందున్న హాష్ (#) గుర్తును తీసివేసి, విలువ 1గా ఉంచి, కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించండి. కార్డును మరో కంప్యూటర్‌లో పెట్టి కూడా ఆ ఫైలును మార్చవచ్చు. పట్టీ కోడీలో మాత్రమే వస్తుంటే, ఇదివరకెప్పుడో టీవీ కోసం చేసిన క్యాలిబ్రేషన్ మిగిలి ఉంటుంది. దాన్ని రీసెట్ చేస్తే సరిపోతుంది.