విండో తెల్లబడిపోతోంది!

ప్రశ్న: రొయ్యల చెరువుల ఆక్సిజన్ రీడింగులను జె ప్రోగ్రామింగ్ భాషలో మ్యాట్రిక్స్‌గా పెట్టి, విండోస్‌లో ఎస్‌డీఎల్2 అనే గ్రాఫిక్స్ లైబ్రరీతో రంగుల పటంగా చూపిస్తున్నాను. విండో కాసేపటికి తెల్లబడి ‘నాట్ రెస్పాండింగ్’ అంటోంది. ఒక్కోసారి జె మొత్తం మూసుకుపోతోంది.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మూసుకుపోతోందంటే ముందు అనుమానించాల్సింది పాయింటర్లనే (మెమరీ చిరునామాలు). బయటి ఫంక్షన్లను పిలిచే 15!:0తో క్రియేట్‌విండోను పిలిచేటప్పుడు ఫలితం రకం ‘ఐ’ అని రాశారేమో చూడండి. అది 4 బైట్లే. 64 బిట్ల మెషీన్‌లో వచ్చే పాయింటర్‌కు 8 బైట్లు కావాలి. పై సగం తెగిపోతుంది. అడ్రసు చిన్నదైతే బతికిపోతారు, పెద్దదైతే ప్రోగ్రాం పోతుంది. అందుకే ‘ఒక్కోసారి’. విండో, రెండరర్ (గీసేది), టెక్స్చర్ (గీసే బొమ్మ) మూడింటికీ ‘ఎక్స్’ రాయండి, తిరిగి పంపేటప్పుడు కూడా. ఈవెంట్ (మౌస్, కీబోర్డు వంటి వాటి కబురు) దాచే బఫర్ 56 బైట్లకు తగ్గినా ఇదే గతి.

తెల్లబడటానికి కారణం మీరు ఈవెంట్లు తీసుకోకపోవడం. దాదాపు 5 సెకన్లు చూసి విండోస్ ఆ ముద్ర వేసేస్తుంది. పోల్‌ఈవెంట్ 0 ఇచ్చేదాకా పిలవండి, తర్వాతే బొమ్మ గీయండి. ఒక్కసారి పిలిచి వదిలేస్తే మౌస్ కదలికలే పోగుపడతాయి. అయినా మీ రీడింగులు క్షణక్షణానికీ మారేవి కావు కదా, వెయిట్‌ఈవెంట్‌టైమౌట్‌కు 1000 మిల్లీసెకన్లు ఇస్తే చాలు, సీపీయూ ఊరికే తిరగదు. కాల్‌బ్యాక్‌ల (ఎస్‌డీఎల్ తానే పిలిచే మీ ఫంక్షన్ల) జోలికి మాత్రం పోకండి.

15!:0 ఇచ్చే ఫలితంలో మొదటి బాక్స్ రిటర్న్ విలువ, రెండోది నిండిన బఫర్. దాని మొదటి 4 బైట్లను ఎడమ పక్క _2 పెట్టి 3!:4తో అంకె చేయండి: 256 వస్తే విండో మూసినట్టు, 768 కీ నొక్కినట్టు, 1025 మౌస్ బటన్ నొక్కినట్టు. క్లిక్ అయితే 20 బైట్లు వదిలి తర్వాతి 8 చదవండి, అడ్డం, నిలువు రెండూ ఒకే అరేగా వస్తాయి. గడి సైజుతో భాగించి, దశాంశం తీసేసి, తిరగేయండి. మ్యాట్రిక్స్‌కు వరుస ముందు, నిలువు గడి తర్వాత. ఇది మరిచిపోతే పక్క చెరువు రీడింగు చూపిస్తుంది.

ప్రశ్న: 640×480 బొమ్మను పిక్సెల్ పిక్సెల్‌గా గీస్తుంటే నత్తనడకే. జెలో ఇంతేనా?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: 3,07,200 సార్లు బయటి ఫంక్షన్‌ను పిలిస్తే ఇంకేం వేగం వస్తుంది! మ్యాట్రిక్స్ మొత్తాన్ని అప్‌డేట్‌టెక్స్చర్‌కు ఒక్కసారే ఇవ్వండి. జె పూర్ణాంకం 8 బైట్లు, పిక్సెల్ 4 బైట్లు కాబట్టి ముందు ఎడమ పక్క 2తో 3!:4 చేసి కుదించాలి. టెక్స్చర్ ఫార్మాట్ ఆర్‌జీబీ888 తీసుకోండి (విలువ 370546692), ఆల్ఫా (పారదర్శకత) తలనొప్పి ఉండదు. రంగు అంటే ఎరుపు×65536 + ఆకుపచ్చ×256 + నీలం. రెక్టాంగిల్ చోట బాక్స్ చేసిన 0 పెట్టండి (మొత్తం బొమ్మ అని అర్థం). పిచ్ (ఒక వరుస పొడవు) 640 కాదు, 2560. అది బైట్ల లెక్క. 640 ఇస్తే బొమ్మ చెదిరిపోతుంది.