నాచు నుంచి డీజిల్ తీయాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య దీవించి వ్రాయునది.

ఇస్కపల్లి దగ్గర ఖాళీగా పడి ఉన్న రొయ్యల గుంటలను కౌలుకు తీసుకుని, వాటిలో సూక్ష్మ నాచు పెంచి బయోడీజిల్ తీయాలనుకుంటున్నానని నీవు రాసిన ఉత్తరం చదివి సంతోషించాను. అయితే రొయ్య పిల్లల మేత కోసం హేచరీల్లో కీటోసెరాస్ నాచును 20 ఏళ్లు పెంచినవాడిగా, అడ్వాన్సు ఇవ్వకముందే నీకు కొన్ని సంగతులు చెప్పాలి.

రొయ్యల గుంట మీటరుకు పైగా లోతుంటుంది. నాచు చిక్కబడిన కొద్దీ ఎండ పై జానెడు నీటిలోనే ఆగిపోతుంది కనుక, దీని సాగుకు 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతున్న తొట్టెలు వేరుగా కట్టుకోవాలి, తెడ్ల చక్రంతో నీటిని నిదానంగా తిప్పుతూ ఉండాలి. ఆరుబయట బాగా పెరిగిన నాచు కూడా లీటరుకు ఎండుబరువులో అరగ్రాము దగ్గరే ఉంటుంది. ఎకరా తొట్టెలో 25 సెంటీమీటర్ల నీరంటే సుమారు 10 లక్షల లీటర్లు. అందులోని నాచంతా ఎండబెడితే 500 కిలోలు, ఐదో వంతు నూనె అనుకున్నా 100 కిలోలు. ఆ 100 కిలోల కోసం 10 లక్షల లీటర్ల నీటి నుంచి, గుడ్డకు చిక్కనంత చిన్న కణాలను వేరు చేయాలి. పటిక వేసి అడుగుకు దించినా, ఆపైన సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి నీటిని, కణాలను విడదీసే యంత్రంలో) తిప్పి ఎండబెట్టేసరికి కరెంటు బిల్లే డీజిల్ విలువను మింగేస్తుంది. నా దృష్టిలో ఈ పనిలో అసలు కష్టం పెంపకం కాదు, కోత.

నత్రజని తగ్గిస్తే నూనె శాతం పెరుగుతుందని నీవు రాసింది నిజమే, కానీ అలా ఆకలితో మాడ్చిన నాచు ఎదగదు. అందువల్ల శాతం చూసి మురిసిపోకుండా, చదరపు మీటరుకు రోజుకు ఎన్ని గ్రాముల నూనె వచ్చిందో రాసుకో.

ఒక వేసవిలో మా ఆరుబయట ట్యాంకు గోధుమరంగులో చిక్కగా తయారైంది. మూడో రోజు తెల్లవారేసరికి అడుగు సిమెంటు కనిపించేంత తేటపడి, అంచుల్లో జిగురు నురగ కట్టింది. చుక్క నీరు మైక్రోస్కోపు కింద పెడితే, నాచును మేసి కడుపు నిండిన రోటిఫర్లనే సూక్ష్మ జీవులు గిరగిరా తిరుగుతున్నాయి. తప్పు నాదే, పక్క ట్యాంకులో ముంచిన బకెట్టునే కడగకుండా ఇందులోనూ ముంచాను, దాంతోనే అవి వచ్చాయి. ప్రతి ట్యాంకుకూ వేరే బకెట్టు పెట్టుకో.

రోహిణీ కార్తెలో నీరు ఆవిరై ఉప్పు పెరిగితే సముద్రపు నీరు పోయడం పనికిరాదు, మంచినీరే కావాలి. మన తీరంలో అది ఎక్కడి నుంచి తెస్తావో ముందే తేల్చుకో. కార్తీకంలో వాయుగుండం పడితే జానెడు లోతు తొట్టె ఒక్క రాత్రి వానకే పొంగిపోతుంది.

అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 వరకు నడిపిన పరిశోధనలో, బయటి నుంచి తెచ్చి వేసిన రకాలను ఆరుబయట చెరువుల్లో స్థానిక నాచులే తరిమేశాయి. ఎక్సాన్‌మొబిల్ అంతటి పెద్ద చమురు సంస్థ 2009లో మొదలుపెట్టిన నాచు ఇంధన ప్రయత్నాన్ని 2023లో వదులుకుంది. నిన్ను భయపెట్టాలని కాదు, ఈ పని జరగాలని నాకూ ఉంది. మన ఉప్పుటేటి నాచుతోనే 2 చిన్న తొట్టెల్లో ఏడాది పెంచు, కోసినదానిలో ఎక్కువ భాగం హేచరీలకు మేతగా అమ్ము, మిగిలినదానితో నూనె తీసి చూడు.

గుంట నీరు ఒక సీసాలో నింపుకుని వచ్చే ఆదివారం రా. కణాలు లెక్కపెట్టడం దగ్గర కూర్చోబెట్టి నేర్పుతాను.

ఇట్లు,
మీ మామయ్య