ఆ టీచర్ ఊరికే కూర్చోలేదు

ప్రశ్న: ప్రైమరీ టీచర్ ట్రైనింగ్ రెండో ఏడాదిలో ఉన్నాను. ఈమధ్య మూడు వారాల అబ్జర్వేషన్‌కి ఒక ప్రైమరీ స్కూల్లో అయిదేళ్ల పిల్లల క్లాసుకు వెళ్లాను. అక్కడంతా ఆటే. టీచర్ గారు బోర్డు దగ్గర నిలబడింది తక్కువ, నేల మీద కూర్చుంది ఎక్కువ. ఒకరోజు ఇద్దరు పిల్లలు నీళ్ల గరాటు కోసం గొడవపడుతుంటే ఆవిడ లేచి అటు వెళ్లబోయి మధ్యలోనే ఆగిపోయారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ క్లాసు నాకు బాగా నచ్చింది కానీ, ఏం చెయ్యాలో తెలియక మూడు వారాలూ చేతులు కట్టుకుని నిలబడ్డాను. చదువయ్యాక ఇలాంటి క్లాసులకే వెళ్లాలనుంది. నాన్న మాత్రం ‘పిల్లల్ని ఆడించడానికి ఇంత చదువెందుకు’ అంటున్నారు. ఒకసారి చిన్న క్లాసుల్లో చేరితే ఇక పెద్ద క్లాసులు ఇవ్వరని స్నేహితులు భయపెడుతున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చేతులు కట్టుకుని నిలబడ్డానని సిగ్గుపడుతూ రాసినట్టున్నారు. నాకైతే మీ ఉత్తరంలో నచ్చింది ఆ మాటే. చాలామంది అలా నిలబడలేరు. క్లాసులో అడుగుపెట్టిన పది నిమిషాలకే పిల్లల మధ్యలో దూరి ప్రశ్నలు మొదలుపెడతారు.

నేనూ ఆ బాపతే. కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నాళ్లు చిన్న క్లాసులకు చెప్పాను. ఒకబ్బాయి చెక్క బ్లాకులతో ఏదో కడుతున్నాడు. పొడవు బ్లాకులు అయిపోయాయి. రెండు పొట్టివి తెచ్చి పక్కపక్కన పేర్చి, పొడవు సరిపోయిందో లేదో వంగి చూస్తున్నాడు. నేను వెళ్లి ‘మొత్తం ఎన్ని బ్లాకులున్నాయో లెక్కపెట్టు, చూద్దాం’ అన్నాను. లెక్కపెట్టాడు. పన్నెండు అన్నాడు. లేచి వేరే మూలకు వెళ్లిపోయాడు. రెండు సగాలు కలిస్తే ఒకటవుతుందన్న సంగతిని వాడంతట వాడే పట్టుకోబోతుంటే, వాడికి ఎప్పుడో వచ్చేసిన అంకెలు అడిగి చెడగొట్టాను.

ఆ బ్లాకుల సంగతి కూడా కాస్త చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో కెరొలిన్ ప్రాట్ అనే ఉపాధ్యాయిని రూపొందించిన యూనిట్ బ్లాకులు ఇప్పటికీ ఎన్నో క్లాసుల్లో ఉన్నాయి. మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకు రెట్టింపు పొడవు. రెండు చదరపు ముక్కలు కలిపితే ఒక యూనిట్, రెండు యూనిట్లు కలిపితే ఒక డబుల్. భిన్నాల పాఠం ఆ చెక్కలోనే దాగి ఉంది. దాన్ని పిల్లవాడు తవ్వుకోవాలంటే అల్మరాలో ఏవి ఎన్ని పెట్టాలి, ఏవి తీసేయాలి అన్నది టీచర్ ఆలోచించుకోవాలి. ఒక్కోసారి పొడవు బ్లాకులు కావాలనే తక్కువ పెడతారు. మీరు చూసిన టీచర్ ముందురోజు సాయంత్రం పిల్లలు వెళ్లాక చేసిన పని ఇదే అయి ఉంటుంది. అది మీకు కనిపించలేదు, అంతే.

మాట ఎప్పుడు ఆపుకోవాలో తెలియడం ఎంత ముఖ్యమో చెప్పే ప్రయోగం ఒకటుంది. అమెరికాలో ఎలిజబెత్ బోనవిట్జ్ బృందం చేసిన ఆ పరిశోధన 2011లో అచ్చయింది. రకరకాల పనులు చేసే ఒక కొత్త బొమ్మను బడికి వెళ్లని వయసు పిల్లలకు ఇచ్చారు. కొందరికి ‘ఇది ఇలా పనిచేస్తుంది, చూడు’ అని ఒక్కటే నేర్పారు. వాళ్లు ఆ ఒక్కటీ చేసి కాసేపటికే ఆపేశారు. అలా నేర్పకుండా వదిలేసిన పిల్లలు ఎక్కువసేపు ఆడారు, దాగి ఉన్న మిగతా పనులూ ఎక్కువ కనిపెట్టారు. టీచర్ చూపించిందే మొత్తం అనుకోవడం పిల్లల తెలివితక్కువతనం కాదు. పెద్దవాళ్లకు ఇంకేమైనా తెలిస్తే చెప్పేవారే కదా అన్నది వాళ్ల లెక్క.

అలాగని ‘ఆడుకోండర్రా’ అని వదిలేసి కుర్చీలో కూర్చోవడమే పద్ధతి అనుకోకండి. ఇందుకు ఎదురుగా 2013లో వచ్చిన మరో అధ్యయనం ఉంది. నాలుగైదేళ్ల పిల్లలకు త్రిభుజం లాంటి ఆకారాలు మూడు రకాలుగా పరిచయం చేశారు: కొందరికి చెప్పి, కొందరిని స్వేచ్ఛగా ఆడుకోనిచ్చి, కొందరితో పెద్దవాళ్లు కలిసి ఆడుతూ సరైన చోట ఒక ప్రశ్న వేస్తూ. మూడో గుంపే బాగా నేర్చుకుంది. పక్కకు ఒరిగిన, సాగిన త్రిభుజాన్ని కూడా త్రిభుజమే అని వాళ్లు ఎక్కువగా గుర్తుపట్టారు. కాబట్టి ఈ ఉద్యోగంలో అసలు నైపుణ్యం ఆడించడమూ కాదు, చెప్పడమూ కాదు. ఈ క్షణంలో నోరు విప్పాలా వద్దా అన్నది ఇరవై మంది పిల్లల మధ్య రోజుకు వందసార్లు తేల్చుకోవడం. ట్రైనింగ్ అంటే ఈ చూపు పదును పెట్టుకోవడమే.

మీ నాన్నగారితో వాదించకండి. కావాలంటే ఒక ముచ్చట చెప్పండి. ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఆటలబడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టాడు. 1851లో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా కిండర్‌గార్టెన్‌లను నిషేధించింది! సోషలిస్టు భావాలున్న అతని అన్నకొడుకు రాతలను ఇతనికి అంటగట్టారు. 1860లో గానీ నిషేధం ఎత్తివేయలేదు. పొరపాటునైనా సరే, ఉన్ని బంతులతో, చెక్క ఘనాలతో ఆడించే బడిని చూసి ఒక రాజ్యం ఉలిక్కిపడిందంటే అది ఊరికే కాలక్షేపం అయి ఉండదని మీ నాన్నగారికీ అనిపించవచ్చు. అనిపించకపోతే మూడు నెలల తర్వాత మీ నోటు పుస్తకం చూపించండి. దాని సంగతి కింద చెబుతాను.

ఇక స్నేహితుల భయం. ఇది పూర్తిగా వట్టిమాట కాదు. కొన్నిచోట్ల చిన్న క్లాసుల అర్హత వేరు, ప్రైమరీ అర్హత వేరు. మీరు పనిచెయ్యాలనుకునే చోట మీ సర్టిఫికెట్ ఏ వయసు పిల్లల నుంచి ఏ వయసు పిల్లల దాకా చెల్లుతుందో ఇప్పుడే కాగితం మీద చూసుకోండి. మీ ప్రైమరీ ట్రైనింగ్ మాత్రం మధ్యలో వదలొద్దు. దాని మీద బాల్యవిద్య స్పెషలైజేషన్ చేస్తే రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. యునెస్కో లెక్కలో తొలి బాల్యం అంటే పుట్టుక నుంచి ఎనిమిదేళ్ల దాకా. అంటే ప్రైమరీలో మొదటి రెండు మూడు తరగతులూ అందులోవే. అయిదేళ్లప్పుడు సంఖ్య బుర్రలో ఎలా కుదురుకుంటుందో చూసిన టీచర్‌కు, పదేళ్ల పిల్ల భిన్నాల దగ్గర ఎందుకు తడబడుతోందో తొందరగా అర్థమవుతుంది. నేను హెడ్మాస్టర్నయితే అలాంటి టీచర్‌ని పై క్లాసుకు అడిగి మరీ తీసుకుంటాను.

జీతం చాలాచోట్ల చిన్న క్లాసులకు తక్కువే, దాచడం ఎందుకు. ప్రైమరీ స్కూల్లో భాగంగా నడిచే క్లాసయితే మిగతా టీచర్ల స్కేలే ఇస్తారా అని చేరకముందే అడగండి. రోజంతా నేల మీద కూర్చుని లేవడానికి నడుమూ మోకాళ్లూ సహకరించాలి. వీటికన్నా ఎక్కువ అలసట సాయంత్రం గేటు దగ్గర ఎదురవుతుంది: ‘ఇవాళ ఏం రాయించారు?’ అని. ఆ ప్రశ్నకు విసుక్కోకుండా, గొప్పలు పోకుండా, ఆ పిల్ల ఆ రోజు చేసిన ఒక్క పని చెప్పి తల్లిదండ్రుల్ని పంపగలగాలి. ఎంతోమంది మంచి టీచర్లు ఇక్కడే ఓడిపోయి వర్క్‌షీట్ల వైపు తిరగడం చూశాను.

స్కూలు ఎంచుకునేటప్పుడు బ్రోషర్ నమ్మకండి. క్లాసులోకి వెళ్లి బొమ్మలు పిల్లల చేతికందే ఎత్తులో ఉన్నాయో, అల్మరా పైన మెరుస్తున్నాయో చూడండి. మధ్యలో గంట కొట్టకుండా ఆట ఎంతసేపు సాగనిస్తారో అడగండి. ఇరవై నిమిషాలంటే పిల్లలు ఏం ఆడాలో తేల్చుకునేసరికే అయిపోతుంది.

ఇప్పుడు నోటు పుస్తకం. మళ్లీ అదే క్లాసుకు అనుమతి అడిగి వారానికి ఒకరోజు వెళ్లండి. ఒక్క పిల్లనో పిల్లవాణ్నో ఎంచుకుని పది నిమిషాలు చూసి, చేసింది చేసినట్టు, అన్నది అన్నట్టు రాయండి. ‘సంతోషంగా ఆడుకుంది’ అని రాయొద్దు, అది మీ అభిప్రాయం. ‘గరాటు తలకిందులు పెట్టి నీళ్లు పోసింది, కారిపోయాయి, తిప్పింది’ అని రాయండి. కొందరు ఆడకుండా పక్కన నిలబడి చూస్తుంటారు. వాళ్లనూ వదలకండి. 1932లోనే మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు పిల్లల ఆటతీరును వర్గీకరించినప్పుడు అలా చూస్తూ ఉండిపోవడానికి కూడా ఒక చోటిచ్చారు. పది నిమిషాలయ్యాక పెన్ను మూయబుద్ధి కాకపోతే ఈ దారి మీకు సరిపడేదే. గడియారం వైపు చూపు పోతుంటే పై క్లాసులు ఎంచుకోండి, తప్పేం లేదు. ఇంటర్వ్యూలో ‘నాకు పిల్లలంటే ఇష్టం’ అనే బదులు అందులోంచి ఒక పేజీ, పిల్లల పేర్లు లేకుండా, చదివి వినిపించండి.

వెళ్లిన మొదటిరోజే, పిల్లలంతా ఇళ్లకు పోయాక, ఆ టీచర్ గారిని అడగండి: ‘ఆ రోజు గరాటు దగ్గరికి వెళ్లబోయి ఎందుకు ఆగిపోయారండీ?’ ఆవిడ ఏమన్నారో నాకూ రాయండి.