ముందుగా కౌన్సెలర్‌ను కలవండి

ప్రశ్న: మా అమ్మాయి కూపర్టినోలోని డి ఆంజా కాలేజీలో చేరి, రెండేళ్ల తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారాలనుకుంటోంది. ముందుగా ఏ విభాగాన్ని సంప్రదించాలండీ?
– ఒక తల్లి, శాన్ హోసే

జవాబు: అమ్మా, విభాగాల కన్నా ముందు కౌన్సెలర్‌ను కలవమనండి. గణితం, భౌతికశాస్త్రం వంటి విభాగాలు పాఠాలు చెబుతాయి గాని, ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో చూసి, క్వార్టర్ (సుమారు మూడు నెలల చదువు కాలం) వారీగా చదువు ప్రణాళిక వేసి ఇచ్చేది కౌన్సెలర్లే. హైస్కూలు మార్కుల పత్రం, ఏపీ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లు తప్పక వెంట తీసుకెళ్లాలి. డి ఆంజాలో క్వార్టర్ పద్ధతి కనుక బదిలీకి 90 యూనిట్లు (కోర్సులకిచ్చే క్రెడిట్లు) కావాలి. సెమిస్టర్ కాలేజీల 60 యూనిట్లకు అవి సమానం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిస్, అర్వైన్ సహా ఆరు క్యాంపస్‌లు ముందస్తు ప్రవేశ హామీ ఇస్తాయి గాని, బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియెగో ఇవ్వవు. హామీ ఇచ్చేచోట కూడా అది అన్ని మేజర్లకూ (ప్రధాన పాఠ్యాంశాలకూ) వర్తించదు. ఇక కాలేజీలో చేరాక, పాఠాల్లో సాయం చేసే ట్యూటరింగ్ కేంద్రానికి వెళ్లడం చదువులో వెనకబడ్డవారికేనన్న మొహమాటం, దయచేసి, అమ్మాయికి కలగనివ్వకండి.