ఆ ఆత్మకథలు చదివితే నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: నా వయసు 31. చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మత బృందం కట్టుబాట్లు చాలా గట్టిగా నడిచేవి. టీవీ లేదు, బయటివాళ్లతో స్నేహాల్లేవు. జ్వరమొచ్చినా ప్రార్థనే తప్ప ఆసుపత్రికి తీసుకెళ్లేవారు కాదు. చదువు పేరుతో ఎలాగో బయటపడ్డాను. ఈమధ్య అమెరికాలో అలాంటి బృందాలను వదిలి వచ్చినవాళ్ల ఆత్మకథలు వరసపెట్టి చదువుతున్నాను. రాత్రి ఒంటిగంటైనా ఫోన్ వదలను. ఆ తర్వాత గుండె దడ, పీడకలలు. మా అత్తగారు వేసుకునే ఆల్‌ప్రాజోలామ్ (ఆందోళన తగ్గించే మాత్ర) సగం ముక్క అప్పుడప్పుడూ వేసుకుంటున్నాను. ఇది పీటీఎస్‌డీయేనా (భయంకర ఘటన తాలూకు గాయం మనసును వెంటాడే జబ్బు)? పుస్తకాలు మానేయాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మానక్కర్లేదమ్మా. చదివే వేళ మార్చుకోండి. మానాల్సింది మీ అత్తగారి మాత్ర. అప్పుడప్పుడే కాబట్టి ఇప్పుడే ఆపేయొచ్చు. రోజూ వేసుకునే అలవాటు పడి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. పాత భయాలు వెంటాడేవాళ్లకు ఈ రకం మాత్రలు మేలు చేయవు, పైగా వదలవు.

పుస్తకం చదివినంత మాత్రాన పీటీఎస్‌డీ రాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం సాధారణంగా ప్రాణాపాయం, తీవ్ర గాయం, లైంగిక హింస లాంటి ఘటన మనకో, మనవాళ్లకో జరిగి ఉండాలి, లేదా మనం కళ్లారా చూసి ఉండాలి. కానీ మీకు సొంత బాల్యం ఉంది. పుస్తకంలో ఒక పిల్లని అందరి ముందూ నిలబెట్టి తప్పు ఒప్పించే పేజీ వస్తే మీకు మీ ఇల్లే గుర్తొస్తుంది, గుండె అందుకే దడదడలాడుతుంది. ‘రెలిజియస్ ట్రామా సిండ్రోమ్’ (మత కట్టుబాట్ల వల్ల మనసుకు తగిలిన గాయం) అన్న మాట మీకు ఈపాటికి కనిపించే ఉంటుంది. మార్లీన్ వినెల్ అనే సైకాలజిస్ట్ పెట్టిన పేరది. అధికారిక జబ్బుల జాబితాలో లేదు. అంతమాత్రాన మీ బాధ ఉత్తిదని కాదు, దానికి ఆ పేరు తగిలించుకోవాల్సిన పని లేదు, అంతే.

ఈ పుస్తకాల్లో ఒక మెలిక ఉంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని వెస్ట్‌బొరో బాప్టిస్ట్ చర్చి అనే కఠిన మత బృందం నుంచి మేగన్ ఫెల్ప్స్ రోపర్ బయటికొచ్చింది 2012లో, ఆమె ఆత్మకథ వచ్చింది 2019లో. బహుభార్యత్వం పాటించే ఎఫ్‌ఎల్‌డీఎస్ అనే మత బృందం నుంచి కరోలిన్ జెసొప్ ఎనిమిది మంది పిల్లలతో పారిపోయింది 2003లో, పుస్తకం 2007లో. ఆ మధ్య ఏళ్లలో వాళ్లు పడిన తడబాటంతా మీరు రెండు రాత్రుల్లో చదివేసి, ‘వాళ్లు తేరుకున్నారు, నేనెందుకు ఇలా ఉన్నాను’ అనుకుంటున్నారేమోనని నా అనుమానం. ఆ పోలికే నిద్ర చెడగొడుతుంది.

పగటిపూట, అరగంట మించకుండా, వీలైతే అచ్చు పుస్తకమే చదవండి. బాగా కదిలించిన చోట ఆపి మీకు గుర్తొచ్చింది నాలుగు ముక్కలు రాసుకోండి. పడకగదిలోకి ఫోన్ వద్దు. పీడకల పదేపదే వస్తుంటే, దాని ముగింపు మీకు నచ్చినట్టు మార్చి, పగలు మెలకువలో ఉండగా రోజూ కాసేపు ఊహించుకోండి. వింతగా అనిపిస్తుంది గానీ చాలామందికి పనిచేస్తుంది.

నెల దాటినా తగ్గకపోయినా, పనిమీద మనసు నిలవకపోయినా సైకియాట్రిస్టునో, క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మీరు అడగని సంగతి ఒకటి. ఆసుపత్రి గడప తొక్కనివ్వని ఇంట్లో పెరిగారంటే చిన్నప్పటి టీకాలు పడి ఉండకపోవచ్చు. ధనుర్వాతం, హెపటైటిస్ బి, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాల గురించి ఫిజీషియన్‌ను అడగండి. పిల్లల కోసం చూస్తుంటే ఎంఎంఆర్ ముందే వేయించుకుని, కనీసం నెల రోజులు ఆగాలి. గర్భంతో ఉండగా అది వేయరు.