నంది కొండల సూర్యోదయం కుట్టడానికి ఏ రంగు దారాలు, ఏ కుట్లు?

మీ ప్రశ్న చదివాను, పెట్టిన ఫొటో కూడా చూశాను. ఆడపడుచు గృహప్రవేశానికి ఎనిమిది అంగుళాల ఫ్రేములో మన బెంగళూరు దగ్గరి నంది కొండల సూర్యోదయం కుడదామనుకున్నారు, చిక్‌పేట బజారుకి వెళ్లి పది రకాల పచ్చ దారాలు కొన్నారు. సగం కుట్టాక చూస్తే కొండలన్నీ కలిసిపోయి ఒకటే పచ్చటి మరకలా ఉంది. ఇంకో రెండు పచ్చలు కొనాలా, లేక కుట్టు మార్చాలా అని కదా మీ సందేహం? సూర్యుడికి జరీ వాడొచ్చా అని కూడా అడిగారు.

పచ్చలు ఇంకేం కొనకండి, ఉన్నవే ఎక్కువ. బెంగళూరు వచ్చిన దగ్గర్నుంచి నేను ఎక్కువగా కుట్టేది ఇలాంటి సీనరీలే. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్‌లో నలుగురికి నేర్పిస్తాను కూడా. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ ఇదే ఇబ్బంది. చిలకపచ్చ, నాచుపచ్చ, ఆలివ్ అని రంగు పేరు చూసి కొంటాం. కానీ గోడ మీద తగిలించిన బొమ్మను రెండు గజాల దూరం నుంచి చూసేవాళ్ల కంటికి ముందు అందేది ఏది లేత, ఏది ముదురు అన్నదే. మీ పది లచ్చీలూ వరసగా పేర్చి ఫోన్‌లో ఫొటో తీయండి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. సగానికి పైగా ఒకే బూడిద రంగులో కనిపిస్తాయని నా పందెం. అవి పక్కపక్కన పడితే కొండకీ కొండకీ మధ్య గీత ఎలా తెలుస్తుంది చెప్పండి? ఆ ఫొటోలో స్పష్టంగా తేడా ఉన్న మూడు నాలుగు తీసుకుని మిగతావి డబ్బాలో పడేయండి, ఎప్పటికైనా పనికొస్తాయి.

ఇక అసలు సంగతి. దూరపు కొండ పచ్చగా ఉండదు. మధ్యలో ఉన్న గాలి వెలుగును చెదరగొడుతుంది కాబట్టి, దూరం పెరిగేకొద్దీ కొండలో నీలం కలుస్తుంది, రంగు పాలిపోతుంది, ఎండకీ నీడకీ తేడా కూడా తగ్గిపోతుంది. మీరు చూసి కుడుతున్న కొండల ఫొటోలోనే చూడండి, అన్నిటికన్నా వెనక ఉన్న వరస దాదాపు ఆకాశంలో కలిసిపోయింది. దానికి లేత బూడిద నీలం వాడండి, పచ్చ జోలికే వెళ్లొద్దు. దాని ముందు వరసకి అదే కాస్త ముదురు, ఆ తర్వాత బూడిద కలిసిన పచ్చ. నిజమైన పచ్చ ముందున్న చెట్లకీ చేలకీ మాత్రమే. అంటే మీరు కొనాల్సింది రెండు బూడిద నీలాలు.

పోగుల లెక్క కూడా దూరాన్ని బట్టే. యాంకర్ కంపెనీ దారం లచ్చి 8 మీటర్లు ఉంటుంది, అందులో ఆరు పోగులు. వెనక కొండలకి ఒక పోగు, మధ్య వాటికి రెండు, ముందు చెట్లకి మూడో నాలుగో. మూరెడు దారం కత్తిరించి, కొస దగ్గర ఒక్క పోగును పట్టుకుని నిటారుగా పైకి లాగండి. మిగతావి కిందికి కుచ్చులా ముడుచుకుంటాయి, కంగారు పడకండి, పోగు బయటికి వచ్చేయగానే వాటంతటవే విడిపోతాయి. రెండు పోగులు కావాలన్నా విడివిడిగా లాగి మళ్లీ కలపాలి, అప్పుడే కుట్టు మెలిపడకుండా చదునుగా పరుచుకుంటుంది. ఇందులోనే ఇంకో సుళువుంది. బూడిద నీలం ఒక పోగు, బూడిద పచ్చ ఒక పోగు కలిపి ఒకే సూదిలో ఎక్కిస్తే రెండు కొండల మధ్య వరసకి సరిపోయే రంగు దొరుకుతుంది. కొత్త లచ్చీ ఖర్చు లేదు.

కుట్ల విషయంలో నేను చాలామందితో ఒప్పుకోను. ఎన్ని రకాల కుట్లు వస్తే అన్నీ ఒకే బొమ్మలో చూపించాలని ఉంటుంది మనవాళ్లకి. సీనరీకి మూడు నాలుగు చాలు, కానీ అవి పడే దిక్కు మీద శ్రద్ధ పెట్టాలి. నూలు దారానికి మెరుపు ఉంటుంది కదా, అదే దారం నిలువుగా కుడితే ఒక రంగు, అడ్డంగా కుడితే ఇంకో రంగు అనిపిస్తుంది. కావాలంటే ఓ పాత గుడ్డ మీద రెండు చిన్న చతురాలు కుట్టి కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. ఆకాశం అంతా అడ్డంగా, కొండ వాలు ఏటవాలుగా, టిప్పు డ్రాప్ అనే కొండ అంచు దగ్గర నిట్టనిలువు రాయి పైనుంచి కిందికి. ఇంత చేస్తే రంగు మార్చకుండానే కొండకి ఆకారం వస్తుంది. ఆకాశానికీ కొండలకీ పొడుగు పొట్టి కుట్టు, అదే లాంగ్ అండ్ షార్ట్, మించినది లేదు. కుట్టు పొడుగులు మాత్రం ఒకేలా రాకూడదు, వస్తే రంగు మారే చోట గోడ కట్టినట్టు గీత పడుతుంది.

ఫ్రెంచ్ నాట్, మన ముడి కుట్టు, అందరికీ ఇష్టమే. మీరు వెనక కొండ మీద చెట్లకి కూడా వేశారు. తీసేయండి. ఉబ్బెత్తుగా ఉన్నది కంటికి ముందుకు వస్తుంది, అక్కడ చెట్టు చెట్టుగా కనిపించకూడదు కూడా. ముడులు ముందు చెట్లకే. వాటిలోనూ సూర్యుడి వైపు లేత పచ్చ, అవతలి వైపు ముదురు, మధ్యమధ్యలో ఒకటీ అరా ఇటుక రంగు. మన వైపు మట్టి ఎర్రగా ఉంటుంది కదా, ఆ ఎరుపు పక్కన పడితే పచ్చ ప్రాణం పోసుకుంటుంది. నీలగిరి చెట్లు ఉంటే వాటికి ముడులు నప్పవు. సన్నటి కాండం కాడ కుట్టుతో, అదే స్టెమ్ స్టిచ్, ఆకులు కిందికి వేలాడే చిన్న చిన్న విడి కుట్లతో, అదీ బూడిద పచ్చతో వేయండి. ద్రాక్ష తోటల వరసలు కాడ కుట్టుతో వేసి, దూరం వెళ్లేకొద్దీ దగ్గర దగ్గరగా చేర్చండి. నీడలకి నలుపు, యాంకర్‌లో 403, మాత్రం వద్దు, అక్కడ గుడ్డకి చిల్లు పడిందేమో అనిపిస్తుంది. ముదురు పచ్చ ఒక పోగు, ముదురు గోధుమ ఒక పోగు కలపండి.

మంచు కోసం తెల్ల దారం వెతుకుతున్నానన్నారు. అక్కడ ఏమీ కుట్టకండి! నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు, చలికాలం తెల్లవారుజామున మబ్బు మన కాళ్ల కిందే ఉంటుంది. కొండ అడుగుకి వచ్చేసరికి కుట్లు పలచబరుస్తూ, ఒక పోగుతో ఎడం ఎడంగా వేసి వదిలేయండి. మీది ఎలాగూ మీగడ రంగు కేస్‌మెంట్ నూలు గుడ్డే కాబట్టి అదే మంచు. తెల్ల దారంతో నింపితే మెరిసి ముందుకొచ్చేస్తుంది.

ఆకాశంలో పసుపు పక్కనే నీలం పెట్టకండి, దూరానికి మురికిగా కనిపిస్తుంది. మధ్యలో పీచ్ పండు రంగు, లేత గులాబీ ఉండాలి. సూర్యుడికి జరీ నేనైతే వాడను. జరీ వచ్చిందంటే కళ్లన్నీ దాని మీదే ఉంటాయి, కొండలకి పడ్డ కష్టం ఎవరూ చూడరు, పైగా నకిలీ జరీ కొన్నాళ్లకి నల్లబడుతుంది. అన్నిటికన్నా లేత పసుపు ఒక పోగుతో సాటిన్ కుట్టు, అంటే పక్కపక్కన ఒత్తుగా నింపే కుట్టు, వేసి, చుట్టూ పీచ్ రంగు ఒక్క మెట్టు ముదురుగా ఉంచితే చాలు, సూర్యుడు వెలుగుతాడు.

కుట్టినదంతా విప్పక్కర్లేదు. అన్నిటికన్నా వెనక వరస మాత్రం వెనకవైపు నుంచి చిన్న కత్తెరతో కత్తిరించి తీసి, మిగిలిన రంధ్రాలను సూది మొనతో అటూ ఇటూ మెల్లగా గీకితే గుడ్డ పోగులు మళ్లీ దగ్గరికి వస్తాయి. మధ్య కొండల మీద ఉన్న పచ్చ పైనే బూడిద నీలం ఒక పోగుతో అక్కడక్కడా చిన్న విడి కుట్లు వేయండి, అది వెనక్కి జరుగుతుంది.

ఆ రెండు బూడిద నీలాలకి అవెన్యూ రోడ్డు వైపు వెళ్తే రాజా మార్కెట్‌లోనూ అడగండి. పగలు వెళ్లండి, లచ్చీలు గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండ వెలుగులో పక్కపక్కన పెట్టి చూడండి, ట్యూబ్‌లైట్ కింద బూడిద నీలానికీ బూడిద పచ్చకీ తేడా తెలిసి చావదు. ఒక్కో నంబరువి రెండేసి తీసుకోండి, తర్వాత కొంటే అదే నంబరైనా అద్దకంలో ఒక్కోసారి కాస్త తేడా వస్తుంది. నీలం పెన్నుతో గీశానన్నారు, అది నీళ్లతో పోయే రకమైతే పూర్తిగా ఉతికాకే ఇస్త్రీ పెట్టండి, ముందే పెడితే ఆ గీతలు శాశ్వతంగా ఉండిపోవచ్చు. ఇస్త్రీ కూడా మందపాటి తువ్వాలు మీద బొమ్మను బోర్లా వేసి, వెనక నుంచే. లేకపోతే ముడులన్నీ అణిగిపోతాయి.